తీర్మానం కింద ఖాళీ జాగా

ఈ మంగళవారం పొద్దున చాయ్ కప్పు చేతిలో ఉండగానే ఒక పిల్లగాడు బండి మీద వచ్చి తలుపు కాడ నిలబడ్డాడు. సంకలో ఎర్ర బట్ట అట్ట వేసిన లాంగ్ సైజు రిజిస్టరు. "సార్, జర ఒక్క సంతకం. ఇంకా నలుగురి ఇండ్లకు పోవాలె. చేన్లకు పోతే మల్ల దొరకరు."

ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు, మా మండలంలో ఒక సర్కారు బడి యాజమాన్య కమిటీలో నేనూ ఉన్నాను. నా పిల్లలు చదువులు ముగించి ఎప్పుడో పోయారు. నాలుగు అక్షరాలు వచ్చినవాడిననే పేరు మీద నన్ను కో-ఆప్ట్ చేసుకున్నారు. రిజిస్టరు తెరిచాను. పైన పోయిన శనివారం తేదీ ఉంది. దాని కింద చక్కటి దస్తూరీలో "ఎజెండా: మధ్యాహ్న భోజనం, గ్రాంటు ఖర్చులు, ఇతరములు" అని ఉంది. ఆ తర్వాత అర పేజీ ఖాళీ. ఖాళీ కింద అప్పటికే కొన్ని సంతకాలు, రెండు వేలిముద్రలు. ఒక వేలిముద్ర ఆరకముందే పుస్తకం మూసినట్టున్నారు, ఎదుటి పేజీకి కూడా నీలంగా అంటింది.

"తీర్మానం ఏది బిడ్డా?"

"అది సార్ తర్వాత రాసుకుంటడు."

శనివారం నేను ఊళ్లోనే ఉన్నాను. మీటింగు జరిగిన జాడ లేదు. పెన్ను తీసుకుని "ఇతరములు" అన్న మాట కిందనే, గీత కూడా వదలకుండా సంతకం పెట్టాను. పిల్లగాడి మొహం పాలిపోయింది. "అక్కడ గాదు సార్, కింద!" అన్నాడు. రాసింది అక్కడి దాకనే ఉంది కదా అన్నాను. ఆ పేజీ ఇక దేనికీ పనికిరాదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

హెడ్మాస్టరు దొంగ అని నేను అనడం లేదు. అసలు అక్కడ తినడానికి ఏముంది? సమగ్ర శిక్ష కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి వచ్చే గ్రాంటు 25 వేలు. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, చీపుర్లు, నల్లా మరమ్మతు, ఈ రిజిస్టర్లు అన్నీ అందులోనే. ఆయన పాఠం చెప్పాలి, ఫోనులో హాజరు ఎక్కించాలి, బియ్యం లెక్క చూడాలి, పైవాళ్లు వస్తే కమిటీ మీటింగు జరిగిందని చూపించాలి. మీటింగు పెడితే కూలి మానుకుని ఎవరొస్తారు? కాబట్టి మీటింగే బండెక్కి ఇంటింటికీ తిరుగుతుంది.

అయినా కోపం వచ్చింది. ఎందుకంటే ఈ కమిటీ మీద ఎన్నో ఏళ్లుగా నేను పాడుతున్న పాట ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1998లో బడుల్లో ప్రజల భాగస్వామ్యం కోసం ప్రత్యేకంగా చట్టం తెచ్చి విద్యా కమిటీలు వేశారు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ఇంకా ముందుకు పోయింది. కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బడి పనితీరు చూడాలి, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి, గ్రాంటు ఖర్చు మీద కన్నేసి ఉంచాలి అంది. 2010 నాటి కేంద్ర నిబంధనలైతే నెలకోసారైనా కూర్చోవాలి, మినిట్స్ సరిగా రాసి జనానికి అందుబాటులో పెట్టాలి అన్నాయి. ఇంత రాసి, చేతికి పైసా అధికారం ఇవ్వలేదని నా గోల. మా మేనకోడలు ఉండే టెక్సస్‌లో స్కూల్ బోర్డు సభ్యులకు జనం ఓట్లేస్తారు. ఆ బోర్డే బడుల కోసం ఇంటి పన్ను రేటు తేలుస్తుంది, సూపరింటెండెంటును పనిలోకి తీసుకుంటుంది, అవసరమైతే ఇంటికి పంపుతుంది. మన కమిటీ కనీసం మరుగుదొడ్డికి తాళం కూడా తనంత తాను కొనలేదు.

మన ఊరు - మన బడి 2022లో వచ్చినప్పుడు ఆ లోటు తీరిందనుకున్నాం. మొదటి విడతలో 9,123 బడులు, నీళ్లు, కరెంటు, మరుగుదొడ్లు, ప్రహరీ, వంటగది, అదనపు గదులు అంటూ పన్నెండు రకాల పనులు, కమిటీల చేతుల మీదుగా. తర్వాత బిల్లులు రాక, సొంత అప్పులు తెచ్చి పనులు చేయించిన చైర్మన్లు ఆఫీసుల చుట్టూ తిరిగిన కథలు మీరు ఈ పత్రికలోనే చదివారు. 2024 జనవరిలో కమిటీలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ ఏడాదే ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసింది. గ్రామ మహిళా సంఘం అధ్యక్షురాలు చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనర్. చిన్న మరమ్మతులు, నల్లాలు, మరుగుదొడ్లు, కరెంటు పనులన్నీ వాళ్ల చేతికి పోయాయి, యూనిఫారాల కుట్టుపని కూడా మహిళా సంఘాలకే. తల్లిదండ్రులు ఎన్నుకున్న కమిటీ ఉండగా ఇదేంటని అప్పట్లో నేను ఇక్కడే గట్టిగా రాశాను. మా డెగ్లూర్ బావ ఫోన్ చేసి "నీకు కుర్చీ పోయిందని ఏడుపు" అన్నాడు.

కుర్చీ సంగతి అటుంచితే, ఈ సంతకాల జబ్బు మా ప్రాంతానికి పాతది.

మా తాత తన ఊరు దాటి కాపురం చేసింది లేదు. కానీ పుట్టింది నాందేడ్ జిల్లాలో, పోయింది నిజామాబాద్ జిల్లాలో. 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టంలో డెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద సర్కిల్, జుక్కల్ సర్కిల్ అని ఒక చిన్న ముక్క ఉంటుంది. ఆ ముక్కతో ఆ ఏడాది నవంబర్ 1న మేం ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం, డెగ్లూర్ అటే ఉండిపోయింది. ఆ ఊరి సంతలో ఎద్దులు కొనేవాళ్లం, ఆ ఊరికే పిల్లల్నిచ్చేవాళ్లం. 2016 అక్టోబర్‌లో కామారెడ్డి జిల్లా వచ్చి మాకు మూడో జిల్లా పేరు తగిలింది. ఇండ్లల్లో మాత్రం తెలుగు, మరాఠీ, కన్నడం కలిసే నడుస్తాయి. పెండ్లిలో అత్త మరాఠీలో సాధిస్తే కోడలు తెలుగులో జవాబిస్తుంది, ఎవరూ తగ్గరు.

కాగితం మాత్రం ఎప్పుడూ ఏదో ఒక్క భాషలోనే వచ్చేది. తాత చిన్ననాటి పట్వారీ దఫ్తరంలో ఉర్దూ, మరాఠీ. నాకు ఊహ తెలిసేనాటికి తెలుగు. తాతకు మూడూ ఒకటే, ఏదీ చదవరాదు. పట్వారీ అరుగు మీద చాప పరిచి, సిరా డబ్బా తెరిచి "చెయ్యి ఇయ్యి" అనేవాడు. తాత ఎడమ చెయ్యి చాచేవాడు. పట్వారీ ఆ బొటనవేలిని పట్టుకుని సిరాలో అద్ది, కాగితం మీద ఆ పక్క నుంచి ఈ పక్కకు దొర్లించి తీసేవాడు. తాత వేలిని నెత్తి వెంట్రుకలకు తుడుచుకుని లేచేవాడు. కాగితంలో ఏముందని నేను ఒకసారి అడిగితే "శిస్తుదో, అప్పుదో. పట్వారికి తెల్వదా?" అన్నాడు. తెలుసు. పట్వారికే తెలుసు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను తీసేసినప్పుడు ఊళ్లో పటాకులు కాల్చిన వాళ్లున్నారు. రాసేవాడు రాస్తాడు, మనం వేలు ఇస్తాం అనే అలవాటు మాత్రం తీసేయడానికి ఏ ఆర్డినెన్సూ చాల్లేదు.

చదువుకున్న కౌన్సిళ్ల సంగతీ చూశాం. 2023 జనవరిలో కామారెడ్డి మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లోకి పోయాయని చుట్టుపక్కల ఊళ్ల రైతులు కలెక్టరేట్ ముందు కూర్చున్నారు. గోల రాజుకున్నాక జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై ఆ ప్లాన్ రద్దు కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానానికి ఆ బలం ఉంది, అందుకే చెబుతున్నాను. రైతులు పటంలో తమ సర్వే నంబరు వెతుక్కుని చూశారు కాబట్టే కౌన్సిల్ మళ్లీ పుస్తకం తెరవాల్సి వచ్చింది. ఇప్పుడు మన బిచ్కుంద కూడా మున్సిపాలిటీ అయింది. అక్కడి కొత్త కౌన్సిలర్లు కనీసం తమ వార్డు పటమైనా విప్పి చూడాలని నా మనవి.

ఇంతవరకు చదివినవాళ్లు, కమిటీలకు శిక్షణ ఇవ్వాలి, అధికారాలు పెంచాలి, నిధులు నేరుగా వేయాలి అనే నా పాత పల్లవి ఇప్పుడు అందుకుంటానని అనుకుని ఉంటారు. నేనూ అదే రాద్దామని కూర్చున్నాను. బుధవారం సాయంత్రం మా వదిన వాళ్ల సంఘం మీటింగు మా ఇంటి అరుగు మీద పడింది. లోపల కూర్చుని ఈ వ్యాసం మొదలుపెట్టినవాణ్ని, పెన్ను పక్కనపెట్టి వింటూ ఉండిపోయాను.

బుక్ కీపర్ ఇరవై అయిదేళ్ల పిల్ల. ముందు పోయిన మీటింగు తీర్మానాలు చదివింది, తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. తర్వాత ఒక్కొక్కరి పేరు, పొదుపు, కట్టాల్సిన కిస్తు పైకి చదివింది. ఒకామె అడ్డుపడింది: "నేను కట్టిందాంట్ల యాభై తక్కువ రాసినవ్." పాస్‌బుక్ తెచ్చారు, చూశారు, దిద్దారు, దిద్దిన చోట ఇద్దరు పొట్టి సంతకాలు చేశారు. నోట్లు అందరి ముందూ లెక్కపెట్టారు. ఆఖరి తీర్మానం రాశాక ఆ పిల్ల పేజీలో మిగిలిన జాగా మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు అడ్డంగా గీత కొట్టింది. ఆ తర్వాతే సంతకాలు.

వెలుగు, ఇందిరా క్రాంతి పథం రోజుల నుంచి సంఘాలకు నేర్పిన పంచసూత్రాలు ఇవే: క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో వాపసు, సరైన పుస్తకాలు. వాళ్లకు టెక్సస్ బోర్డు అధికారాలేమీ లేవు. డబ్బు మాత్రం వాళ్లది. యాభై రూపాయలు తప్పు పడితే తన కొంగులోంచి పోతుంది, కాబట్టి చదవరానామె కూడా చెవి ఒగ్గి వింటుంది. మా కమిటీలో గ్రాంటు సర్కారుది, అంటే ఎవరిదీ కాదు. అలాంటి చోట అధికారాలు పెంచితే ఖాళీ పేజీలే పెరుగుతాయి. ఆ పాత డిమాండ్‌ను ఇకమీద నేను ఎత్తను.

అమ్మ కమిటీలకే అంతా రాసిచ్చేద్దామా అంటే అదీ కాదు. అధ్యక్షురాలిని ఎన్నుకునేది సంఘాలు, బడి పిల్లల తల్లిదండ్రులు కాదు. నల్లా బిగించడం సంఘం చేయగలదు. పిల్ల ఇంటికొచ్చి ఏం చెబుతుందో తల్లికే తెలుసు. వారానికి మూడు గుడ్లు పెట్టాలి. పెట్టారో లేదో ఏ ఆడిటరూ పట్టలేడు, రెండో తరగతి పిల్ల రాత్రి అన్నం దగ్గర చెప్పేస్తుంది. పోయినేడు ఒక్కసారి మా మీటింగు నిజంగా జరిగింది. గుడ్ల లెక్క పైకి చదివితే వెనక నుంచి ఒక తల్లి "శుక్రవారం పెట్టలే" అంది. గ్రాంటు అన్నప్పుడు గోడ చూస్తూ కూర్చున్న వాళ్లంతా అప్పుడు ఇటు తిరిగారు.

కాబట్టి సభ్యులుగా తల్లిదండ్రులే ఉండనీ. పుస్తకం మాత్రం సంఘం బుక్ కీపర్ చేత రాయిద్దాం, గ్రాంటులోంచి ఆమెకు ఎంతో కొంత కూలి ఇద్దాం. చదవడం రెండు భాషల్లో, మొదట గుడ్లు, తర్వాత డబ్బులు. చట్టం అడ్డొస్తుందంటారేమో, 21వ సెక్షన్ ఎవరు కూర్చోవాలో, ఏం చూడాలో చెప్పింది గానీ కలం ఎవరు పట్టాలో చెప్పలేదు.

అసలు పేచీ వేళ దగ్గర వస్తుంది. పత్తి ఏరే రోజుల్లో తల్లులు ఖాళీ అయ్యేది రాత్రి ఏడు తర్వాతే. టీచర్లేమో బాన్సువాడ నుంచి, బోధన్ నుంచి వస్తారు, అయిదు దాటితే వాళ్ల కళ్లు బస్సు మీదే ఉంటాయి. నేను తల్లుల పక్షం. టీచర్ మిత్రులు ఇప్పటినుంచే ఉత్తరాలు రాయడం మొదలుపెట్టండి, వచ్చే వారం జాగా అంతా మీదే.