మెమరీ కార్డుకు కాపలా నియమాలు

ఆండ్రాయిడ్ ఫోన్‌లోని స్టోరేజీకి రెండంచెల కాపలా ఉంటుంది. మొదటిది లినక్స్ పాత పద్ధతి: ప్రతి ఫైలుకూ ఒక యజమాని, ప్రతి యాప్‌కూ ఒక యూజర్ సంఖ్య. అన్నిటికీ పైదైన రూట్ అధికారం చేజిక్కించుకున్న ప్రోగ్రామును ఇది ఆపలేదు. ఆ లోటు తీర్చేది ఎస్‌ఈలినక్స్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో విడుదల చేసిన ఈ ఏర్పాటు 2013లో ఆండ్రాయిడ్ 4.3లో అడుగుపెట్టింది. అప్పట్లో ఉల్లంఘనలను నమోదు చేయడమే దాని పని. 2014లో వచ్చిన 5.0 నుంచి వాటిని పూర్తిగా అడ్డుకుంటోంది.

ఇందులో ప్రతి ప్రోగ్రాముకూ, ఫైలుకూ, పరికరానికీ ఒక లేబుల్ ఉంటుంది. ఏ లేబుల్ ఉన్న ప్రోగ్రాము దేనిమీద ఏ పని చేయవచ్చో నియమంగా రాసిపెట్టాలి. రాయనిదంతా నిషిద్ధం.

హైదరాబాద్ పాతబస్తీలో పత్తర్‌గట్టి, మదీనా చుట్టుపక్కల మొబైల్ రిపేరు చేసేవారికి ఈ నియమాల విలువ తెలిసి ఉండాలి. కౌంటర్ మీదికి వచ్చిన కార్డు అంతకుముందు ఎక్కడెక్కడ తిరిగిందో తెలియదు. దాని ఫైల్ సిస్టమ్‌లోనే ఎవరైనా దాడి పొదిగి ఉండవచ్చు. అందుకే కార్డులను చూసుకునే వోల్డ్ అనే సేవ, తనిఖీ పనిని తన అధికారంతో చేయించదు. బయటి కార్డును గుర్తించడానికి, సరిచేయడానికి ‘నమ్మదగనిది’ అనే లేబుల్‌తో వేరే ప్రోగ్రాములను నడిపిస్తుంది. వాటికి ఆ కార్డు దక్కుతుంది గానీ, వాడకందారు డేటా ఉన్న లోపలి విభాగం దక్కదు. తనిఖీ చేసే ప్రోగ్రామే దాడికి లొంగినా నష్టం అక్కడితో ఆగుతుంది.

ఫోన్ తయారీదారు కొత్త స్టోరేజీ విభాగం చేర్చినప్పుడు దానికి ప్రత్యేక లేబుల్ ఇచ్చి, అవసరమున్న ఒక్క సేవకే అనుమతి రాయాలి. లేబుల్ ఇవ్వకపోతే ఆ విభాగం అన్ని బ్లాక్ పరికరాల (స్టోరేజీ విభాగాల) ఉమ్మడి లేబుల్ కిందికి వస్తుంది. దాని మీద అనుమతి రాస్తే సంబంధం లేని విభాగాల తలుపులూ తెరుచుకుంటాయి. ఇలాంటి పొరపాట్లను ‘నెవర్‌అలౌ’ నియమాలు, అనుమతులన్నీ కలిపి పాలసీగా తయారుచేసే దశలోనే పట్టుకుంటాయి. లాగ్‌లో కనిపించే ప్రతి తిరస్కరణనూ ఆడిట్‌టుఅలౌ పరికరంతో అనుమతిగా మార్చేయడం మంచి పద్ధతి కాదు. ఎవరు, దేన్ని, ఎందుకు అడిగారో చదివాకే నియమం రాయాలి.

యాప్‌ల మీద మరో పట్టు 2019లో ఆండ్రాయిడ్ 10తో మొదలైంది. స్కోప్డ్ స్టోరేజీ వల్ల ఒక యాప్ ఇతరుల ఫైళ్లన్నిటినీ ఇష్టానుసారం తిరగేయలేదు.

రిపేరులో తరచూ ఎదురయ్యే రెండు చిక్కులకు కారణం ఎన్‌క్రిప్షన్. 2015లో 6.0తో వచ్చిన సదుపాయంలో లోపలి స్టోరేజీగా మార్చుకున్న కార్డు తాళంచెవి ఆ ఫోన్‌లోనే ఉంటుంది. అందుకే దాన్ని మరో ఫోన్ చదవలేదు. ఇప్పటి ఫోన్లలో వాడకందారు ఫైళ్ల తాళంచెవి స్క్రీన్‌లాక్‌తోనూ, ప్రాసెసర్‌లోని రక్షిత భాగంతోనూ ముడిపడి ఉంటుంది. కాబట్టి మెమరీ చిప్ ఒక్కదాన్నే ఊడదీసి వేరేచోట పెట్టినా ఫొటోలు రావు. ఫోన్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామైన బూట్‌లోడర్ లాక్ తెరిచినా ఫోన్ తన డేటాను తానే చెరిపేస్తుంది.

ఈ సంగతులు కస్టమర్‌కు పని మొదలుపెట్టక ముందే చెప్పాలి. ఎస్‌ఈలినక్స్‌ను ఆపేసి ఫోన్‌ను తిరిగి ఇవ్వడం మాత్రం రిపేరు కాదు. కస్టమర్ ఫొటోలకు, కాగితాలకు ఉన్న రక్షణను తీసేయడమే అది.