తుడిచివేసే అధికారం

కాకతీయుల తొలి తరాల పేర్లు చరిత్రకారులకు బయ్యారం చెరువు శాసనం వల్ల లభించాయి. 13వ శతాబ్దిలో గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన ఆ వ్రాత రాతిపై నిలిచింది. ఈ-మెయిలు ఉత్తరమో, ఒక్క ఆజ్ఞతో మాయమవుతుంది. ఆ ఆజ్ఞ ఇచ్చే పనిని నేడు కృత్రిమ మేధకు అప్పగిస్తున్నారు.

ఈ మేధ పొరపడవచ్చును. ప్రకటనలను ఏరివేయమంటే విద్యార్థి ఉపకారవేతనపు ఉత్తరాన్ని కూడ ఏరివేయవచ్చు. అంతేకాదు, వచ్చిన ఉత్తరంలోనే ఎవరైనా "తక్కినవన్నీ చెరిపివేయుము" అని వ్రాసి ఉంటే, దానిని యజమాని ఆజ్ఞగా గ్రహించే ప్రమాదం కలదు. కనుక "జాగ్రత్త" అని మేధకు చెప్పినంత మాత్రాన చాలదు.

మేధను ఇతర సాధనాలతో కలిపే ఎం.సి.పి. అనే నియమావళిని ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో వెలువరించింది. సాధనం నష్టం చేయగలదని తెలిపే గుర్తును 2025 మార్చి కూర్పులో చేర్చారు. మంచిదే, కాని అది హెచ్చరిక పలకయే గాని తాళం కాదు. గుర్తు పెట్టేది సాధనాన్ని తయారుచేసినవారే గదా!

జీమెయిలు ఏర్పాటు ఇంతకన్న మేలు. ఉత్తరాన్ని చెత్తబుట్టలో వేయడానికి ఒక అనుమతి, వెంటనే శాశ్వతంగా చెరపడానికి అంతకు మించిన అనుమతి కావాలి. బుట్టలోని ఉత్తరం 30 రోజులు ఉంటుంది. మొదటి అనుమతి మాత్రమే ఇస్తే మేధ పొరపాటును అంతలో దిద్దుకోవచ్చును.

అయితే ఏది పోయిందో తెలియనివాడు బుట్టలో వెదకడు. తీసివేసిన ఉత్తరాల పట్టికను యజమానికి చూపని సాధనానికి ఆ 30 రోజుల గడువు ఉన్నా లేనట్లే.