తీరిక లేని తల్లి చదువు
(ముందుమాట)

పుస్తకాల గురించిన పుస్తకాలు ఎక్కువగా పండితులు రాస్తారు. చదవడమే వాళ్ళ వృత్తి. ఈ పుస్తకం రాసిన అమ్మాయి సంగతి వేరు. ఇద్దరు పిల్లల తల్లి. మైపాడు దారిలో ఒక బడిలో టీచరు. సాయంత్రమైతే రొయ్యల గుంటల మేత లెక్కలు చూసే మనిషి. కరెంటు పోయి రొయ్యలకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే అర్ధరాత్రి ఇంటిల్లిపాదీ లేవాల్సిందే. అటువంటి ఇంట్లో ఒక నవల చివరి పేజీ దాకా చేరిందంటే ఆ నవలలో సత్తా ఉన్నట్టే. నా శిష్యురాలని కాదు, ఈ కొలత నచ్చి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏ పుస్తకం ఎప్పుడు చదవాలో కూడా ఈమె చెబుతుంది. భానుమతి ‘అత్తగారి కథలు’ పని మధ్యలో ఎక్కడ ఆపినా నష్టం లేదట. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ మాత్రం పిల్లలు నిద్రపోయాక ఒక్క ఊపున చదవమంటుంది. ఇల్లు అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ మధ్యలో ఆపదగ్గది కాదు. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’కి వేసవి సెలవులు కేటాయించింది. జపాన్ రచయిత్రి కురోయానాగి ‘రైలుబడి’ని తోటి టీచర్లకు సిఫారసు చేసింది. అందులో బడిలో చేరడానికొచ్చిన పిల్ల మాటలను హెడ్‌మాస్టరు నాలుగు గంటలు ఓపికగా విన్నాడు. మనం నాలుగు నిమిషాలు వింటున్నామా అని ఈమె అడిగితే, రిటైరైన నాకూ తల దించుకోవాలనిపించింది.

నాకు బాగా నచ్చిన అధ్యాయం తకళి శివశంకర పిళ్ళై ‘చెమ్మీన్’ మీద రాసింది. కడలి మీదికి పోయిన మొగుడి ప్రాణం ఒడ్డున ఉన్న పెళ్ళాం శీలం మీద ఆధారపడి ఉంటుందన్న నమ్మకం చుట్టూ తిరిగే నవల అది. పట్టపుపాళేల జాలరి పిల్లలకు చదువు చెప్పే ఈమె దాన్ని మెచ్చుకుంటూనే నిలదీసింది. తుపానుకూ, పాత పడవకూ లేని బాధ్యత ఆడదాని నెత్తిన ఎందుకు పెట్టారని అడిగింది. ఇంత సూటి ప్రశ్న నేను విమర్శకుల దగ్గర తక్కువగా విన్నాను.

మంచి పుస్తకాలను ఇంటింటికీ చేర్చే పని మాలతీ చందూర్ ‘పాత కెరటాలు’తో ఎప్పుడో చేశారు. అయితే ఆమె నవల కథంతా చెప్పేవారు. ఈమె ఆశ పుట్టించి ఆపేస్తుంది. ఆ నిగ్రహం మెచ్చదగ్గది.

మన నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళ చదువు కాలక్షేపంగా ఎన్నడూ మిగల్లేదు. చిన్నతనంలోనే పెళ్ళయి పొట్లపూడి కోడలైన పొణకా కనకమ్మ బడికి పోకుండానే చదువుకుని, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించింది. రాత్రిబడి వాచకంలోని పాఠం దూబగుంట ఆడవాళ్ళను సారా కొట్టు ముందు నిలబెట్టింది. అలా మొదలైన ఉద్యమం జిల్లా దాటి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. వంటింట్లో పుస్తకం పట్టుకున్న ఇల్లాలిని చూసి ‘పనీపాటా లేదా’ అనేవాళ్ళు ఈ రెండు సంగతులూ గుర్తుంచుకోవాలి.

ఒక్క లోటు చెప్పకపోతే పెద్దరికానికి అర్థం లేదు. ఇందులో పద్యం ఊసే లేదు. తిక్కన నడిచిన నెల్లూరిలో ఉంటూ ఆయన్ని వదిలెయ్యడం న్యాయమా? వానల కోసం ఆయన విరాటపర్వం చదివించిన ఊళ్ళు మనవి. అందులోని ద్రౌపది కష్టం ఈమెకు నాకంటే బాగా అర్థమవుతుంది. రెండో ముద్రణలో ఆ అధ్యాయం చేర్చమని నా కోరిక.

ఇది ఆడవాళ్ళ పుస్తకమని మగవాళ్ళు పక్కన పెట్టవద్దు. ముందు మీరు చదవండి. ఆ తర్వాత వారంలో ఒక పూట వంట మీరు చేసి, ఇంట్లో ఆమెకు ఆ పూట ఖాళీ ఇవ్వండి. ఈ అమ్మాయికి నా ఆశీస్సులు.