వాడిన మాత్రకే డబ్బు

నెలాఖరు టార్గెట్ల మాటెత్తితే ఈ కాలమిస్టుకు ఒళ్లు మండుతుంది. ఈ శీర్షిక చదివేవారికి అది కొత్తేమీ కాదు. మొన్న వీధి చివరి కిరాణా కొట్లో మళ్లీ అదే తంతు. "రెండు కేసులు దించుకో అన్నా, స్కీము ఉంది" అని డిస్ట్రిబ్యూటరు మనిషి బతిమాలుతున్నాడు. ఉన్న షాంపూ సాచెట్లే కదలడం లేదని కొట్టాయన గొణుగుడు. చివరికి కేసులు దిగాయి. ఇక కొన్ని వారాలు అక్కడినుంచి ఆర్డరు ఉండదు. గిరాకీ పడిపోయిందని కంపెనీలో ఎవరో కంగారు పడతారు.

ఇటలీలోని పార్మాలో పుట్టిన పాస్తా కంపెనీ బరిల్లాకు 1980లలో ఇదే బాధ. జనం తినే పాస్తా వారం వారం పెద్దగా మారదు. డిస్ట్రిబ్యూటర్ల ఆర్డర్లు మాత్రం ఎగిరిపడేవి. తగ్గింపు ధర ఉన్నప్పుడు గోదాము నింపుకుని, తర్వాత చప్పుడు చేసేవారు కాదు. 'ఆర్డర్లు మానేయండి, రోజూ ఎంత పోయిందో ఎంత మిగిలిందో చెప్పండి, ఎంత పంపాలో మేం చూసుకుంటాం' అంది కంపెనీ. నేడు వెండర్ మేనేజ్డ్ ఇన్వెంటరీ అంటున్నది దీన్నే. మా గోదాములో మీ పెత్తనమేమిటని డిస్ట్రిబ్యూటర్లు ససేమిరా అన్నారు. కంపెనీ సేల్స్ మనుషులూ అడ్డుపడ్డారు. చేసేది లేక సొంత డిపోల్లో మొదలుపెడితే, ఫ్లోరెన్స్‌లో 10 రోజుల నిల్వ 4 రోజుల లోపుకు దిగింది. అడిగిన సరుకు లేదనడమూ తగ్గింది.

ఇంత లాభం కనిపిస్తుంటే ఆ మొండితనమేమిటి? జపాన్‌లోని తొయామా మందుల వర్తకుల సంగతి తెలిసినవారికి మరీ వింతగా ఉంటుంది.

17వ శతాబ్దం చివరినుంచి వాళ్లది ఒకటే పద్ధతి: ముందు వాడుకోండి, తర్వాత ఇవ్వండి. వీపున మందుల మూటతో ఊరూరా తిరిగి, ఇంటింటా ఒక పెట్టె ఉంచేవారు. మళ్లీ వచ్చినప్పుడు పెట్టె విప్పి లెక్కపెట్టేవారు. ఎంత వాడితే అంతకే డబ్బు. పాతబడినవి తీసేసి కొత్తవి సర్దేవారు. తర్వాతి కాలంలో పిల్లలకు కాగితం బుడగలు పంచడమూ ఆనవాయితీ అయింది. ఏ ఇంట్లో ఎవరున్నారు, ఏ మందు ఎంత వాడారు, ఎంత చెల్లించారు, అన్నీ కకెబచో అనే ఖాతా పుస్తకంలో ఎక్కేవి. మళ్లీ వెళ్లేటప్పుడు ఏ ఇంటికి ఏం మోసుకుపోవాలో అదే చెప్పేది. ఆ పుస్తకాన్నే వర్తకులు ఆస్తిగా అమ్ముకునేవారు, కొనుక్కునేవారు. ఆర్డరు కాగితం ఊసే లేని ఈ వ్యాపారం ఇప్పటికీ నడుస్తోంది.

అయితే ఆ పెట్టె గురించి ఇంకాస్త ఆలోచిస్తే ఇటలీ డిస్ట్రిబ్యూటర్ల మీద విసుగు తగ్గుతుంది. తొయామాలో వాడని మందు వర్తకుడిదే. ఎక్కువ పెడితే ఇరుక్కునేది అతని సొమ్మే. బరిల్లా అడిగింది వేరు. ఎంత దించాలో కంపెనీ తేలుస్తుంది, కొనేది మాత్రం డిస్ట్రిబ్యూటరు. అన్నాళ్లూ స్కీములు పెట్టి సరుకు అంటగట్టినవాళ్ల చేతికే తాళం ఇమ్మంటే ఎవరు జంకరు?

దీనికి తిరగబడ్డ రూపమూ ఉంది. వాడేదాకా సరుకు నీదేనని పెద్ద ఫ్యాక్టరీ చిన్న సప్లయరు నెత్తిన నిల్వ భారమంతా మోపుతుంది. దాన్నీ సహకారమనే పిలుస్తున్నారు.

కాబట్టి స్టాకు లెక్కలు కంపెనీకి చూపించే ముందు మూడు సంగతులు రాతలో ఉండాలి: తక్కువలో తక్కువ ఎంత నిల్వ, ఎంతకు మించకూడదు, అమ్ముడుపోనిది ఎన్నాళ్లలో ఎవరు వెనక్కి తీసుకుంటారు. సేల్స్ మనుషుల నెలాఖరు టార్గెట్ తీసేశారో లేదో కూడా అడగాలి. అది అలాగే ఉంటే ఆ లెక్కలు ఇంకో రెండు కేసులు ఎక్కడ దించొచ్చో వెతకడానికే పనికొస్తాయి.