కట్ట మీంచి గుట్ట మీదికి

దేవరుప్పుల చుట్టుపక్కల సైకిల్ మీద తిరగాలనుకునేవాళ్లు ఫోన్‌లో మ్యాప్ చూసే ముందు నీళ్లు ఎటు పారతాయో చూసుకోవాలి. ఇక్కడి బాటలు నీటిని బట్టే ఏర్పడ్డాయి. గుట్ట మీద పడ్డ వాన ఒర్రెలోకి దిగుతుంది. ఒర్రె కుంటను నింపుతుంది. కుంట మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి, అది నిండితే దాని కిందిదానికి. ఈ గొలుసుకట్టును కాకతీయులు ఎంత పట్టుదలగా పెంచారో చెప్పడానికి పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి, దాని పక్కనున్న చెరువు చాలు. అంత పేరు లేని వందల చెరువులకు అదే పద్ధతిలో కట్టలు లేచాయి. పొలానికీ మత్తడికీ పోయే జనం, ఎడ్లబండ్లు, గొర్లమందలు ఆ కట్టల మీద నడిచీ నడిచీ బాటలు చేశాయి. అందుకే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పోయే దారి ఎప్పుడూ ఒక వరసలో ఉంటుంది: కట్ట మీద సాఫుగా సాగుతుంది, మత్తడి దగ్గర దిగుతుంది, చెలకల్లో పడి ఎక్కుతుంది, పరుపు బండ మీద తేలుతుంది. మౌంటెన్ బైక్ మీద సగం పూట తిరిగి రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

మౌంటెన్ బైకింగ్ అనగానే మంచుకొండ మీంచి లోయలోకి దూకే వీడియోలు గుర్తొస్తాయి. ఆ ఆట వేరు. ఇక్కడ చెప్పేది మధ్యరకం చుట్టు: పాతిక ముప్పై కిలోమీటర్లు, ఊపిరి ఆడనివ్వని ఎక్కుడు ఒకటో రెండో, భయపెట్టే దిగుడు అసలే లేదు. జనగామ–సూర్యాపేట రోడ్డును దేవరుప్పులలో వదిలి కడవెండి వైపు తిరగాలి. విసునూరు దొర మనుషుల తుపాకీ గుండ్లకు 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య కూలిన ఊరది. తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివినవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. అక్కడినుంచి చెలకల మధ్య బండ్లబాటలు పట్టి విసునూరు దాకా పోయి, ఇంకో వరస చెరువుల మీదుగా మళ్లీ దేవరుప్పుల చేరాలి. పాలకుర్తి గుట్ట మీది సోమేశ్వరుణ్ణి కూడా చూసి, పోతన ఊరు కదా అని బమ్మెర దాకా తొక్కితే పుణ్యం దక్కుతుంది గానీ మధ్యరకం అన్న మాట పోతుంది. ఈ దారిలో బోర్డులు, బాణం గుర్తులు ఉంటాయని ఆశపడొద్దు. బాట చీలిన చోటల్లా గొర్ల కాపరిని అడగాలి. "ఇటు పోతె మత్తడికాడ బురద ఉన్నది బిడ్డా, పైనుంచి పో" అంటాడు. ఏ యాప్‌కూ ఆ మాట తెలియదు.

తొక్కడంలో మెలకువంతా నేలను గుర్తుపట్టడంలో ఉంది. మొరం మీద ఎక్కుడు వచ్చినప్పుడు లేచి నిలబడి తొక్కితే వెనక చక్రం ఉత్తగా తిరుగుతుంది. సీటు ముందంచుకు జరిగి, ఛాతీ హ్యాండిల్ వైపు వంచి, కూర్చునే తొక్కాలి. గేరు ఎక్కుడు మొదలుకాక ముందే మార్చాలి, మధ్యలో మారిస్తే చైన్ కటకటమంటుంది, కాలు ఆగుతుంది, సైకిల్ పక్కకు పడుతుంది. దుబ్బ నేలలో దీనికి విరుద్ధం. బరువు కాస్త వెనక్కు వేసి ముందు చక్రాన్ని తేలిక చేయాలి, హ్యాండిల్ తిప్పకూడదు, పెడల్ ఆపకూడదు. దిగుడులో రెండు పెడళ్లూ సమంగా ఉంచి లేచి నిలబడాలి, మోచేతులు వంచాలి, చూపు ముందు చక్రం మీద కాకుండా పది పదిహేను గజాల అవతల ఉండాలి. రాయిని చూస్తూ పోతే సైకిల్ ఆ రాయికే పోతుంది.

బండ్లబాటలో ఇప్పుడు ఎడ్లబండి కంటే ట్రాక్టర్ జాడలే ఎక్కువ. దమ్ము చేసి వచ్చిన ట్రాక్టర్ ఇనుప కేజ్‌వీల్స్ తీయకుండానే బాట ఎక్కితే జానెడు జానెడుకు ఒక అడ్డగాటు పడుతుంది. ఎండితే అవి గట్టిపడి ముంజేతులు తిమ్మిరెక్కేలా కుదుపుతాయి. అలాంటి చోట గాడిలో కాకుండా నడుమనున్న గడ్డి మిట్ట మీద పోవడం మేలు. పరుపు బండ ఎండలో చక్రాన్ని బాగా పట్టుకుంటుంది, వాన పడితే నమ్మకూడదు. ఇక మత్తడి మీద నీళ్లు పారుతుంటే ఎంత పలచగా కనిపించినా దిగి నడవాల్సిందే. కింద పాకుడు ఉంటుంది. దిగి నడిపించుకుపోవడం నామోషీ అనుకునేవాళ్లు ఈత కల్లు కుండలు కట్టుకుని కట్ట మీద పోయే గౌండ్ల తాతను చూడాలి. ఎక్కుడు రాగానే దిగుతాడు, కుండ కదలకుండా పైకి చేరుస్తాడు.

అసలు ఈ విద్యను మనం అమెరికా నుంచి తెచ్చుకున్నామని అనుకోవడంలో సగమే నిజం. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ మీంచి దిగే పందెం పెట్టుకుంది 1976 అక్టోబరు 21న. ఆ దిగుడులో వెనక హబ్బులోని బ్రేక్ వేడెక్కి లోపలి గ్రీజు పొగై పోయేది, కిందికి చేరాక మళ్లీ గ్రీజు దట్టించాలి. పందానికి రీప్యాక్ అన్న పేరు అలా వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది పతకాల ఆట అయింది. మన ఊళ్లలో పాలవాళ్లు, టీచర్లు, పోస్టుమ్యాన్లు గేర్లు లేని నల్ల సైకిల్ మీద ఇవే మొరం బాటలు ఏళ్ల తరబడి తొక్కారు. ఆ సైకిల్ రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇవాళ దుకాణంలో గొప్పగా చూపించే 29 అంగుళాల మౌంటెన్ బైక్ రిమ్ము 622. ముందు ఫోర్కు వాలుగా, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉండటం కూడా పాత సైకిల్ లక్షణమే, కొత్త మౌంటెన్ బైకులు మళ్లీ అటే వస్తున్నాయి. గుంతల దారిలో నిలకడగా సాగాలంటే ఆ లెక్కే సరి. లేనివల్లా గేర్లు, లావు టైరు, ఆగే బ్రేక్. రాడ్ బ్రేకులతో కడవెండి దిగుడు దిగినవాళ్ల చెప్పుల అడుగులే సాక్ష్యం చెప్పాలి.

ఈ తిరుగుడుకు మంచి కాలం దసరా నుంచి శివరాత్రి దాకా. బతుకమ్మకు నిండుగా ఉన్న చెరువులు అప్పటికి కొంచెం కొంచెంగా వెనక్కి తగ్గుతూ శిఖం అంచున గట్టి బాట ఇస్తాయి. మిషన్ కాకతీయ 2015 మార్చిలో మొదలయ్యాక పూడిక తీసిన చెరువులు చాలా ఉన్నాయి, కట్టలు వెడల్పయ్యాయి, సైకిల్‌కు అది లాభమే. కానీ కట్ట మీద సిమెంటు పోసి, బెంచీలు వేసి పార్కు చేయాలన్న మోజు పల్లెకు పాకితే నాకు నచ్చదు. మట్టి కట్ట మీద పశువు నడుస్తుంది, ఈతచెట్టు నిలుస్తుంది. వరికోతలప్పుడు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు, దిగి పక్కనుంచి పోవాలి. వరి మడుల ఒడ్ల మీదికి సైకిల్ ఎక్కించొద్దు. ఒడ్డు తెగితే ఆ మడి నీళ్లు పోతాయి, తిట్లు మిగులుతాయి.

రెండు ప్రమాదాలు మాత్రం గట్టిగా చెప్పాలి. చెలకల్లో గట్టు లేని పాత బాయిలు ఉంటాయి, నేలతో సమంగా, చుట్టూ పొదలు పెరిగి. బాట తప్పి అడ్డంగా తొక్కేవాళ్లకు అవి కనబడవు. అడవిపందుల కోసం చేను చుట్టూ కొందరు దొంగతనంగా పెట్టే కరెంటు తీగ మరొకటి. అందుకే తెల్లవారాకే బయల్దేరాలి, పొద్దుగూకక ముందే రోడ్డెక్కాలి.

మిగిలింది పంచరు. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ ఈ నేలలో ఎక్కడపడితే అక్కడే. ట్యూబ్‌లెస్ టైరులో సీలెంట్ పోసి, 65 నుంచి 70 కిలోల మనిషికి 20–25 పీఎస్ఐ గాలి ఉంచితే పల్లేరు సంగతి అదే చూసుకుంటుంది. టైరు మొరాన్ని కూడా బాగా పడుతుంది. ట్యూబ్ వాడేవాళ్లు కాస్త గట్టిగా కొట్టించాలి, లేకపోతే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి రెండు చిల్లులు పడతాయి. పాత టైరు ముక్క కోసి లోపల పరిచే ఊరి ఉపాయం బరువు పెంచుతుంది గానీ పనిచేస్తుంది. ట్యూబ్ కొనేటప్పుడు మోటర్‌సైకిల్ రకం వాల్వ్ ఉన్నదే అడిగి తీసుకోండి. సన్నటి వాల్వ్ అయితే రోడ్డు పక్క పంచర్ షాపు కంప్రెషర్ పైపు దానికి పట్టదు, ఆ చిన్న అడాప్టర్ మీ జేబులో లేకపోతే దేవరుప్పుల దాకా నడకే.