ప్రశ్నించే స్థానికుడు: అమితవ్ ఘోష్ ఈజిప్టు రచనలో ఆకస్మిక పరిచయాలు

విదేశ యాత్రారచనల్లో దారిలో తారసపడే స్థానికునికి ఒక స్థిరమైన పాత్ర ఏర్పడిపోయింది. అతడు దారి చూపుతాడు, టీ ఇప్పిస్తాడు, తన దేశం గురించి నాలుగు మాటలు చెబుతాడు, తరువాతి పుటకు అదృశ్యమవుతాడు. ఆ ప్రజల స్నేహశీలాన్ని కొనియాడి రచయిత ముందుకు సాగుతాడు. తెలుగులో ఇటీవల వెలువడుతున్న విదేశయాత్రా గ్రంథాల్లోనూ ఈ నమూనా తరచుగా కనిపిస్తుంది. 1830 - 31లో యాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య ఇటువంటి మర్యాదకు కట్టుబడలేదు. మజిలీల మధ్య దూరం, దొరికే సరుకులు, దారి స్థితి, ఆయా ప్రాంతాల ఆచారాలు ఆయన శ్రద్ధగా నమోదు చేశాడు. అయితే అక్కడ కూడా చూసే కన్ను యాత్రికునిదే. ఎదుటివాడు తిరిగి చూడడం అరుదు.

ఆ తిరిగి చూసే చూపుకు చోటిచ్చిన రచనగా అమితవ్ ఘోష్ 'ఇన్ ఏన్ యాంటిక్ లాండ్' (1992) విశేష పరిశీలనకు అర్హమైనది. ఆక్స్‌ఫర్డ్‌లో సామాజిక మానవశాస్త్ర పరిశోధక విద్యార్థిగా ఘోష్ 1980లో ఈజిప్టు వెళ్ళి, నైలు డెల్టా పల్లెల్లో నివసించాడు. ప్రశ్నలు అడగడం అతని వృత్తి. గ్రామస్థులు మాత్రం ఆ వృత్తిని అతని చేతిలోనుంచి లాక్కుంటారు. మీ దేశంలో ఆవును పూజిస్తారట, నిజమేనా? చనిపోయినవారిని కాల్చివేస్తారా? సున్తీ చేయించుకోరా? ప్రశ్నావళి పట్టుకొని వెళ్ళినవాడే ప్రశ్నావళికి వస్తువవుతాడు. అక్కడ నీటి పంపును 'భారతీయ యంత్రం' అని పిలుస్తారు. భారతీయుడు గనుక అతనికి యంత్రం గుణదోషాలు తెలిసే ఉంటాయని భావించి, కొత్తగా కొన్న పంపును పరీక్షించమంటారు. పంపుల గురించి ఏమీ తెలియని పరిశోధకుడు గంభీరంగా చెవి ఒగ్గి వినవలసి వస్తుంది. తనను చూసి తానే నవ్వుకోగల ఈ గుణం యాత్రారచయితల్లో సులభంగా లభించేది కాదు.

సున్తీ ప్రశ్న ఎదురైన సందర్భంలో ఘోష్ సమాధానం చెప్పలేక లేచి వెళ్ళిపోతాడు. ఆ అసహనానికి మూలం ఈజిప్టులో లేదు. 1964లో ఢాకాలో, బాలుడిగా తాను చూసిన మతకల్లోలపు భయంలో ఉంది. అడిగినవారికి అది అమాయకమైన కుతూహలం. విన్నవానికి శరీరంపై మతముద్రను వెతికే గుంపు జ్ఞాపకం. ఈ అంతరాన్ని గ్రామస్థుల తప్పుగా చూపకపోవడంలో రచయిత నిజాయితీ వెల్లడవుతుంది.

గ్రంథంలో అత్యంత చర్చనీయమైన ఘట్టం ఇమామ్‌తో వాగ్వాదం. సంప్రదాయ వైద్యం తెలిసిన ఆ ఇమామ్ నుంచి మూలికల గురించి తెలుసుకోవాలని ఘోష్ ఆశిస్తాడు. ఇమామ్‌కు వాటిపై ఆసక్తి తీరిపోయింది, ఇప్పుడు అతని గౌరవమంతా ఇంజెక్షన్లపైనే. జనం మధ్య ఎదురుపడినప్పుడు శవదహనాన్ని నిందిస్తూ, పాశ్చాత్యులు అలా చేయరని, వారికి తుపాకులు, బాంబులు ఉన్నాయని అంటాడు. ఘోష్ కూడా తగ్గడు. తన దేశానికీ బాంబులున్నాయని వాదిస్తాడు. రెండు ప్రాచీన నాగరికతల ప్రతినిధులు తమ ఆధిక్యాన్ని పాశ్చాత్య ఆయుధాలతో కొలుచుకున్నారన్న గ్రహింపు అతనికి తరువాత కలుగుతుంది. ఓడినది ఇమామ్ ఒక్కడే కాదు. రచయిత తన ఓటమిని దాచకుండా చెప్పడం వల్లనే ఈ ఘట్టం మరో ప్రాంతీయ వింతగా మిగిలిపోలేదు. ఆ తగాదా అనంతరం ఓదార్చినవాడు 'ఎలుక' అనే మారుపేరున్న ఖమీస్. తాను ఇండియాకు వస్తానంటూనే, అక్కడ చనిపోతే మాత్రం తనను తప్పక పూడ్చిపెట్టాలని అడుగుతాడు. భయమూ స్నేహమూ ఒకే మాటలో చెప్పడమంటే ఇదే.

ఈ రచనకు పరిమితులు లేకపోలేదు. సంభాషణల్లో అధికభాగం పురుషులది. ఖమీస్ సోదరి బుసైనా వంటి స్త్రీల గొంతు అడపాదడపా మాత్రమే వినిపిస్తుంది. పన్నెండవ శతాబ్దంలో ఆడెన్ - మంగళూరు మధ్య వర్తకం చేసిన బెన్ యీజూ, అతని భారతీయ బానిస కథలను చెప్పే భాగాల్లో, ఆనాటి సహజీవనం కొంత ఆదర్శీకరణకు లోనైంది. బానిసత్వమనే వాస్తవం ఆ సామరస్య చిత్రణలో మెత్తబడింది. అయితే ఆ ఆదర్శం ఎంత పెళుసైనదో దమన్‌హూర్ ఘట్టం చూపుతుంది. ముస్లింలు కూడా ఆరాధించిన యూదు సాధువు అబూ హసీరా సమాధిని చూడబోయిన ఘోష్‌ను అక్కడి అధికారి నిలదీస్తాడు. యూదుడు కాడు, ముస్లిం కాడు, క్రైస్తవుడూ కాడు. మరి ఇక్కడ ఇతనికేం పని? పల్లెలో కుతూహలంగా వినిపించిన ప్రశ్నే ఇక్కడ అధికార భాషలో తిరిగి వస్తుంది. చరిత్రలో కలిసి ఉన్నవి విడిపోయాయనడానికి ఇంతకుమించిన సాక్ష్యం ఆ గ్రంథంలో లేదు.

పరిచయాల్లో చివరిదాకా నిలిచేది నబీల్. ఘోష్ గదికి వచ్చినప్పుడు, స్టవ్ మీద ఒక్కడికి సరిపడా నీళ్ళతో కెటిల్ పెట్టుకునే ఆ మనిషి ఇంటివారిని తలుచుకుంటూ ఉంటాడేమోనని గమనించినవాడు అతడే. పరిశీలకుని ఒంటరితనాన్ని పరిశీలితుడు కనిపెట్టిన క్షణమది. తరువాత నబీల్ పని కోసం ఇరాక్ వెళ్ళాడు. 1990లో కువైట్ ఆక్రమణ తరువాత ఈజిప్టు కార్మికులు వేలాదిగా వెనుదిరిగినప్పుడు, పల్లెలోని ఇంట్లో టెలివిజన్ ముందు కూర్చున్నవారితో కలిసి ఘోష్ ఆ జనసమూహంలో అతని ముఖం కోసం వెతుకుతాడు. అది కనిపించదు.