నీడకు వదిలే నేల

పారామెట్రిక్ డిజైన్ అనగానే వంపులు తిరిగిన భవనాల బొమ్మలు చూపిస్తారు. ఆ పద్ధతి అసలు సత్తా నాకు సోలార్ పార్కుల్లోనే కనిపిస్తుంది.

గని, శకునాల ఊళ్ల దగ్గర 2017లో పూర్తయిన కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కునే తీసుకోండి. 1,000 మెగావాట్లు, దాదాపు 6,000 ఎకరాలు. అంత నేలలో వరుసల మధ్య ఎడం ఒక్క జానెడు అటూ ఇటూ అయినా లెక్కంతా మారిపోతుంది. అందుకే ఎడాన్ని అంకెగా వేయం, సూత్రంగా రాస్తాం. వాలు మారిస్తే నీడ మారుతుంది, నీడను బట్టి వరుసలన్నీ వాటంతటవే జరుగుతాయి.

రెండు ప్యానెళ్లు నిలువుగా కలిపిన 4 మీటర్ల టేబుల్‌ను ఆ అక్షాంశంలో 15 డిగ్రీలు వాల్చామనుకుందాం. వెనక అంచు ముందు అంచు కన్నా మీటరు పైకి లేస్తుంది. డిసెంబరు 21న, సౌర సమయం ఉదయం 9 గంటలకు, దాని నీడ ఉత్తరానికి 1.1 మీటర్లు సాగుతుంది. అంత ఎడం వదలాల్సిందే. ప్యానెల్‌లో సెల్స్ ఒకదాని వెంట ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి, కింది అంచున పడిన సన్నని నీడ కూడా తాను కప్పిన మేరకు మించి కరెంటు తగ్గిస్తుంది.

వాలు 10 డిగ్రీలకు దించితే ఎడం ముప్పావు మీటరు చాలు. వరుసలు పరిచిన నేలలో సుమారు 6 శాతం మిగులుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్పత్తిలో తేడా స్వల్పమే. గ్రాస్‌హాపర్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మేలైన జవాబు వెతికే గలాపగోస్ అనే సాధనానికి ఈ లెక్క అప్పగించి, ఎకరానికి ఎక్కువ యూనిట్లు కావాలని అడిగితే అది వరుసలను దగ్గరికి జరుపుకుంటూ పోతుంది. అడిగినదానికి అది సరైన జవాబే.

కానీ వాలు తగ్గినకొద్దీ వానకు దుమ్ము కొట్టుకుపోవడం తగ్గుతుంది, చేత్తో కడగడం పెరుగుతుంది. ఆ ముప్పావు మీటరు సందులో పైపు, పొడవాటి బ్రష్ పట్టుకుని ఎండలో నడవాల్సింది మనిషి. ఎక్కువ కడగాల్సిన చోటే నడిచే దారి ఇరుకవుతోంది! సూత్రంలో ఆ మనిషి లేడు కాబట్టి కంప్యూటర్‌కు ఈ సంగతి తెలియదు.

అందుకే నేను వాలు కన్నా ముందు రెండు హద్దులు రాస్తాను. ఒకటి, కడిగేవాళ్లు బ్రష్ తిప్పుకునేంత దారి. రెండోది, వాన నీరు పారే వంకకు ఇరువైపులా వదలాల్సిన నేల. ఇవి పెట్టాక కొన్ని వరుసలు తగ్గుతాయి. వాటిని నష్టం పద్దులో రాయడానికి నేను ఒప్పుకోను.